తాడు పట్టుకున్న పిల్ల

రోయిమాతా పొయ్యి దగ్గర రొట్టెలు వేపుతూనే ఒక కంట తల్లిని కనిపెడుతోంది. ముసలావిడ మెరెయానా బల్ల ముందు కూర్చుని టీలో చక్కెర కలుపుతోంది. కలుపుతూనే ఉంది. ఆ చక్కెర ఎప్పుడో కరిగి ఉంటుంది. ఆవిడ చేతికి అందేంత దూరంలో మనవరాలు, రోయిమాతా కూతురు అనాహెరా రాసిన నవల ఉంది. ఆ పుస్తకం ఆక్లండ్ నుంచి వచ్చి వారమైంది. ఆ వారమంతా మెరెయానా దాన్ని ముట్టుకోలేదు, దాని గురించి ఒక్క మాట అనలేదు. ఊళ్ళో ఎవరింట్లో ఏ కుక్క ఈనిందో కూడా వివరంగా చెప్పే మనిషి!

ఈ మౌనం ఎందుకో తనకి తెలుసనే రోయిమాతా నమ్మకం. ఆ ఆలోచనలోనే ఉండి, వేడి రొట్టెల పళ్ళెం తెచ్చి చూసుకోకుండా ఆ పుస్తకం మీదే పెట్టింది.

"తియ్యి!" అని మెరెయానా అరిచిన అరుపుకి కిటికీలో పిల్లి కిందికి దూకింది. "తల మీద తిండి పెడతావా? ఎవరు పెంచారే నిన్ను?"

"నువ్వే," అంది రోయిమాతా గబుక్కున పళ్ళెం తీసేస్తూ.

అట్ట మీద అలల మధ్య తడిజుట్టుతో ఒక అమ్మాయి ముఖం ఉంది. ఆమె హినెరారో, ఈ ఇంటి మూలపుటవ్వ. పెద్దల తలనీ తిండినీ కలపకూడదని ఇక్కడ నడక రాని పిల్లలకి కూడా తెలుసు. రోయిమాతా ఏప్రన్ అంచుతో అట్ట తుడిచింది. తుడుస్తుంటే అనుమానం వచ్చింది. ఈవిడ పుస్తకం వైపు కన్నెత్తి చూడలేదు కదా, మరి బొమ్మలో ఉన్నదెవరో ఎలా తెలిసింది?

హినెరారో కథ ఆ ఇంటి కథ. తుఫానులో కొట్టుకుపోతున్న పడవ కోసం పళ్ళ మధ్య తాడు కరిచిపట్టి సముద్రంలోకి ఈదిందట. పడవ ఒడ్డుకి చేరింది. ఆమె చేరలేదు. అప్పట్నుంచి ఆ తీరానికి ఆమే కాపలా. అనాహెరా చిన్నప్పుడు అమ్మమ్మ పక్కలో పడుకుని ఆ కథ ఎన్నిసార్లు చెప్పించుకుందో లెక్కలేదు. ఇప్పుడు అదే కథని నవల చేసింది. అందులో హినెరారో నీళ్ళలోంచి తిరిగొస్తుంది, అలల్ని పేరు పెట్టి పిలుస్తుంది, తిమింగలాలతో పోట్లాడుతుంది. వచ్చింది మాత్రం ఒడ్డున తాడు రెండో కొస పట్టుకుని నిలబడ్డ మనిషి కోసం. ఆ మనిషి ఆమె ప్రేమించిన పిల్ల.

అదీ రోయిమాతా భయం. అనాహెరా తను ప్రేమించిన పిల్ల కిరిని ఇంటికి తెచ్చిన రోజున మెరెయానా ఒక్క ప్రశ్న వెయ్యకుండా పక్క సర్దిపెట్టింది, నిజమే. కిరి అంటే మనవరాలి కంటే ఎక్కువ ముద్దు కూడా. కానీ ఇంట్లో పిల్ల సంగతి వేరు, మూలపుటవ్వ సంగతి వేరు. పుస్తకం అప్పుడే అంగళ్ళకి వచ్చేసింది గానీ ఆవిష్కరణ సభ రేపు, ఊరి మరాయెలో, ఊరంతా కూడే, పెద్దల బొమ్మలు చెక్కిన ఆ ఇంట్లోనే. పట్నంలో చెయ్యమని పుస్తకం వేసినవాళ్ళు ఎంత బతిమాలినా అనాహెరా ఒప్పుకోలేదు. మరాయెలో ఎవరైనా లేచి మాట్లాడితే, మాట ముగిశాక వాళ్ళ మనుషులు వెనక నిలబడి పాట పాడాలి. పాట లేకపోతే ఆ మాటకి దిక్కు లేనట్టే. ఈ ఇంటి పాటలన్నీ మెరెయానా దగ్గరే ఉన్నాయి.

తలుపు తోసుకుని తమ్ముడు తామతి వచ్చాడు. వస్తూనే రొట్టె అందుకున్నాడు.

"ఏమక్కా, రేపు మన అవ్వకి పెళ్ళంటగా! పెళ్ళికూతుళ్ళు ఇద్దరంట, పెళ్ళికొడుకు లేడంట!"

"నోట్లో రొట్టె పెట్టుకుని మాట్లాడకు, పొలమారుతుంది."

"నాకు పొలమారడం కాదు, ఊరంతా నవ్వుతోంది. ఒడ్డున తాడు పట్టుకుంది ఆవిడ మొగుడు. నాన్న నాకు చెప్పింది అదే. మొగుణ్ణి పీకేసి ఆడపిల్లని పెట్టడానికి ఇదెవరు?"

రోయిమాతాకి ఒళ్ళు మండింది. "ఊరంతా నవ్వట్లేదురా, నువ్వు నవ్వుతున్నావు. నేను నడిపే స్కూలు బస్సులో ఒక పిల్ల ఉంది, ఏడాదిగా నాతో ఒక్క మాట మాట్లాడింది కాదు. మొన్న దిగబోతూ ఆగింది. ‘ఆంటీ, ఆ పుస్తకంలో అమ్మాయి మన ఊరిదేనా? అయితే నాలాంటి వాళ్ళు ఇక్కడ మొదట్నుంచీ ఉన్నారా?’ అని అడిగింది. నాకు కాసేపు గేరు పడలేదు."

తామతి నమలడం ఆపాడు. మెరెయానా చెంచా కూడా ఆగింది.

సరిగ్గా అప్పుడే అనాహెరా, కిరి తడి కాళ్ళతో లోపలికొచ్చారు. రేపటి భోజనాల కోసం సముద్రపు రాళ్ళ మధ్య కీనాలు, ఒంటినిండా ముళ్ళుండే గుండ్రటి గుల్లలు, ఏరుకొచ్చారు. అనాహెరా సంచీ తొట్టిలో దింపి మేనమామ ముఖం చూసింది. సంగతి అర్థమైపోయింది.

"నన్నే తిడుతున్నావా మామయ్యా? ఆగిపోయావే?"

"తిట్టడం దేనికమ్మా, రచయిత్రివి! రేపు నీ మాటలయ్యాక వెనక లేచి పాడేదెవరో చూద్దామని ఉంది. నేనైతే లేవను."

"నువ్వు పాడితే కాకులు ఎగిరిపోతాయి, లేవకపోవడమే మంచిది." అనాహెరా తడి చేతులు తుడుచుకుంది. అమ్మమ్మ వైపు తిరిగింది. "మామయ్య సంగతి నాకు లెక్కలేదు. నువ్వు చెప్పు అమ్మమ్మా. వారం నుంచి చూస్తున్నాను. నీకు సిగ్గుగా ఉందా? హినెరారో పక్కన ఆడపిల్లని నిలబెట్టాననేగా నీ కోపం?"

"అనా, వద్దు," అంది రోయిమాతా.

"వద్దంటే ఎలా అమ్మా? ఈ పుస్తకం ఈవిడ కోసమే రాశాను. అర్ధరాత్రి దాకా కూర్చుని ఏడుస్తూ రాశాను. ఈవిడ ముట్టుకోనైనా లేదు!"

మెరెయానా టీ పక్కకి జరిపింది. "అంతా విన్నాను," అంది.

"ఏంటి?"

"నా కళ్ళకి ఆ చీమతలకాయ అక్షరాలు ఆనతాయా? కిరి చేత చదివించుకున్నాను. మీరంతా బయటికి పోయినప్పుడల్లా."

అనాహెరా గిరుక్కున వెనక్కి తిరిగింది. కిరి ఎర్రబడిపోయి తొట్టిలో కీనాలు కడగడం మొదలెట్టింది. "చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది," అని గొణిగింది. "ఒడ్డున పిల్ల వచ్చే చోట ఆపించింది. మళ్ళీ చదవమంది. అదొక్కటే ఎన్నిసార్లు చదివించిందో."

"ఆ పిల్ల గురించి నీకెవరు చెప్పారు మోకో?" అంది మెరెయానా. కోపంగా ఉన్నప్పుడు ఆవిడ మనవరాల్ని అలా ముద్దుగా పిలవదు. అది విని రోయిమాతా పొయ్యి ఆర్పేసింది.

"ఎవరూ చెప్పలేదు. కథ రాస్తుంటే అలా కనిపించింది. మొగుడని రాద్దామనే కూర్చున్నాను, చెయ్యి కదల్లేదు. అక్కడ నిలబడింది ఒక అమ్మాయే. ఏ పేరు పెట్టినా అబద్ధంలా ఉంది. అందుకే పేరు లేకుండా వదిలేశాను."

మెరెయానా మనవరాలి ముఖంలోకి చూస్తూ ఉండిపోయింది.  

"ఆడపిల్లని పెట్టావని కాదే నా కోపం," అంది చివరికి ముసలావిడ. "కథ పట్నం పోయింది, అచ్చయింది, బొమ్మేయించుకుంది, అంగళ్ళలో కూర్చుంది. ఆఖరికి నా బల్ల మీదకొచ్చింది. నన్నెవరైనా అడిగారా? ‘అమ్మమ్మా, ఇది తీసుకుపోతున్నాను’ అన్నావా? గుమ్మంలో ఉన్న గుమ్మడికాయ తీసుకెళ్ళినా అడుగుతావు కదే! హినెరారో నీకొక్కదానికే అవ్వా?"

  అనాహెరా ఒకటే అనుకుంది, అందరికీ తెలిసిన కథే కదా, తన కథే కదా అని. పక్కలో పడుకుని విన్నది తనదైపోయిందనుకుంది. మెరెయానా చేతికర్ర అందుకుని, ఎవరి సాయం లేకుండా వాకిలి దాటి సముద్రం వైపు నడిచిపోయింది. 

మర్నాడు మరాయె కిక్కిరిసిపోయింది. ఎక్కడెక్కడి నుంచో కుర్రకారు బస్సులు మాట్లాడుకుని వచ్చారు. రంగురంగుల జుట్లు, బుగ్గల మీద నక్షత్రాలు, చంకల్లో ఆ పుస్తకం. గుమ్మంలో చెప్పులు విప్పి లోపలికి రాగానే చెక్కిన పెద్దల్ని చూసి, గోల చేసే పిల్లలు కూడా గుసగుసల్లోకి దిగిపోయారు. స్కూలు బస్సు పిల్ల కూడా వచ్చింది, ఒక మూల మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. మెరెయానా నల్ల గౌను తొడుక్కుని, తలకి పచ్చని ఆకుల దండ చుట్టుకుని ముందు వరసలో కూర్చుంది. ముఖంలో ఏమీ తెలియనివ్వట్లేదు.

అనాహెరా లేచింది. చేతిలో కాగితాలున్నాయి. ఒకసారి చూసి మడిచేసింది.

"ఈ పుస్తకం గురించి గొప్పగా చెప్పాలని వచ్చాను," అంది. "చెప్పలేను. ఇది నాది కాదు. మా అమ్మమ్మ దగ్గర్నుంచి అడక్కుండా తీసుకున్నాను. ప్రేమ ఉంటే చాలు, అడగక్కర్లేదనుకున్నాను. ఇప్పుడు మీ అందరి ముందూ, ఈ గోడల మీదున్న మా పెద్దల ముందూ అడుగుతున్నాను. అమ్మమ్మా, ఇస్తావా? ఇవ్వనంటే ఇక మీద ఒక్క ప్రతి కూడా అచ్చు వెయ్యనివ్వను."

పుస్తకం వేసినావిడ ఉలిక్కిపడింది. అనాహెరా తలొంచుకుని నిలబడింది. మాట అయిపోయింది. ఇక పాట రావాలి.

రాలేదు. తామతి ఇంటి పైకప్పు వైపు చూస్తున్నాడు. ఆ నిశ్శబ్దం రోయిమాతా భరించలేకపోయింది. లేచి వెళ్ళి కూతురి వెనక నిలబడింది. పక్కనే కిరి వచ్చి నిలబడింది.  పెళ్ళిళ్ళకీ చావులకీ పాడే పాటలు రోయిమాతాకి బోలెడు వచ్చు. అందులో ఒక్కటీ దీనికి తగదు. భుజాలు కుంగిపోయి నిలబడ్డ కూతురి వీపు మీద చెయ్యి వేసింది.

అప్పుడు చేతికర్ర నేలకి తగిలిన చప్పుడైంది.

మెరెయానా లేచింది. కళ్ళు మూసుకుంది. ఆవిడ గొంతులోంచి వచ్చిన మొదటి స్వరానికి రోయిమాతా తలెత్తి చూసింది. తన జన్మలో వినని పాట అది. పల్లవి లేదు, తాళం లేదు. ఒడ్డున నిలబడి నీళ్ళలోకి పిలిచే పిలుపు. అరచేతులు చిరిగిపోయినా తాడు వదల్లేదనీ, పడవ వచ్చింది గానీ నువ్వు రాలేదనీ, నా పక్క మీద నీ చోటు ఇంకా తడిగానే ఉందనీ ఒక ఆడమనిషి ఇంకొక ఆడమనిషిని పిలుస్తోంది. చివర్లో ఆ పిలిచే మనిషి తన పేరు చెప్పుకుంది. పారెహుయా. నేను పారెహుయాని, ఇక్కడే ఉన్నాను, ఇక్కడే ఉన్నాను.

పాట ఆగింది.  గోడల మీద చెక్క ముఖాలు ఊపిరి తీస్తున్నాయేమో అనిపించింది రోయిమాతాకి. అంతకు ముందు ఆమె దైవాన్ని చూసింది లేదు. ఆ క్షణంలో చూశాననే ఆమె ఇప్పటికీ చెబుతుంది. మూలన కూర్చున్న పిల్ల రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడుస్తోంది. తామతి ఎప్పుడు లేచాడో, అక్క పక్కన చేరాడు.

"అమ్మా, మరి నాన్న మొగుడని..." అన్నాడు చిన్నపిల్లాడిలా.

"మీ నాన్నకి ఎవరు చెప్పారు? వాళ్ళమ్మ. ఆవిడకి ప్రార్థనా మందిరంలో పాదిరీలు మొగుడని చెప్పారు. నాకు మా అవ్వ చెప్పింది. అడిగినవాళ్ళకే ఇమ్మంది. మీలో ఒక్కళ్ళైనా ఒడ్డున ఎవరున్నారని అడిగారా?"

అడగలేదు. ఇన్నేళ్ళుగా రోయిమాతా కూడా అడగలేదు. అడగడమే తెలియని తన కూతురు మాత్రం ఎవరూ చెప్పకుండా, ఎక్కడో పట్నంలో అద్దెగదిలో కూర్చుని, ఆ పిల్లని సరిగ్గా ఆ ఒడ్డునే చూసింది.  రోయిమాతా కిరి భుజం పట్టుకుంది.

అనాహెరా అమ్మమ్మ కాళ్ళ దగ్గర కూలబడి ఏడుస్తోంది. "పారెహుయా," అంటోంది, మళ్ళీ మళ్ళీ అదే పేరు. "పేరు లేకుండా అచ్చు వేయించాను అమ్మమ్మా. పేరు లేకుండా..."

మెరెయానా వంగి, మనవరాలి నుదుటికి తన నుదురూ ముక్కూ ఆనించింది. ఇద్దరూ ఒకే ఊపిరి పీల్చి వదిలారు.

"ఇప్పుడు అడిగావుగా," అంది ముసలావిడ. "ఇచ్చాను. లేచి నా పక్కన కూర్చో. నీకు తెలిసింది సగమే. మొదట్నుంచీ చెబుతాను."

అనాహెరా లేచి పక్కన కూర్చుంది. మెరెయానా మాత్రం వెంటనే మొదలెట్టలేదు. మూలన ఏడుస్తున్న బస్సు పిల్ల వైపు చేతికర్ర చాపింది.

"నువ్వు కూడా రావే తల్లీ. దగ్గరికి రా, అక్కడికి వినపడదు."