ఖాళీ మేకు

ఉదయం మెకానిక్ కొట్టు తెరిచేసరికి బెంచీ మీద పెట్టె లేదు.

అది చెక్కే లేజర్‌కు కరెంటు అందించే పాత పవర్ సప్లై. నూటపది వోల్టులది. దాన్ని రెండువందల ఇరవైకి మార్చమని నేమ్‌ప్లేట్లు చెక్కే వ్యాపారి ఇచ్చి వెళ్ళాడు. ఆ ఉదయమే వచ్చి తీసుకువెళ్ళాలి.

ఫిర్యాదు అందుకుని వచ్చిన ఇన్‌స్పెక్టర్ తాళం చూశాడు. గీత కూడా పడలేదు. గల్లాపెట్టె కదల్లేదు. ఖరీదైన మీటర్ బెంచీ మీదే ఉంది. బెంచీకి ఇటొక స్టూలు, అటొక స్టూలు. ఇటుదాని మీద తోలు అరిగిపోయింది. అటుదాని మీద దుమ్ము.

“పని పూర్తయిందా?”

“నిన్ననే అయింది సార్. ఫ్యాన్ మార్చాను. రిలే మార్చాను. ఫ్యూజు మార్చాను.”

మెకానిక్ ఒక్కొక్క వేలే ముడుస్తూ వచ్చాడు. నాలుగో వేలు దగ్గర ఆగి, చెయ్యి దించేశాడు.

“ఇంకేమైనా పోయిందా?”

మెకానిక్ గోడ వంక చూశాడు. మేకుకు వేలాడే తీగ లేదు. రెండు కొసలా కరిచిపట్టే క్రొకడైల్ క్లిప్పులున్న జానెడు తీగ. రోడ్డు మీద పడి ఉన్నా ఎవరూ వంగి తీయరు.

అది దేనికని ఇన్‌స్పెక్టర్ అడిగాడు. ప్లగ్గు పీకినా ఈ పెట్టెల్లో కరెంటు దాక్కుని ఉంటుందనీ, షాక్ కొట్టకుండా వెనకనున్న రెండు టెర్మినళ్ళకూ ఆ తీగ తగిలించాకే పెట్టె ఎత్తాలనీ మెకానిక్ చెప్పాడు.

“ఈ సంగతి ఎవరెవరికి తెలుసు?”

“నాకు. మా ఆవిడకు.”

“ఆవిడ ఎక్కడున్నారు?”

“పోయింది సార్. ఎనిమిది నెలలైంది.”

ఎదుటి స్టూలు ఆమెదట. పని అయ్యాక అక్కడ కూర్చుని, చేయాల్సినవి ఒక్కొక్కటే పైకి అడిగి, ఈయన చేత జవాబు చెప్పించేదట. ఆ స్టూలు మీద కూర్చోబోయిన ఇన్‌స్పెక్టర్ నిలబడే ఉండిపోయాడు.

మెకానిక్ గొంతు తగ్గించాడు. “ఒకరి సొత్తు నా కొట్లో పోయింది సార్. అది దొరక్కపోతే ఇక నన్ను నమ్మి సామాను ఎవరిస్తారు? ఈ బెంచీ కూడా లేకపోతే నాకు పొద్దెలా పోతుంది?”

మారు తాళంచెవి గుమ్మం పైన ఉంటుందని వీధంతటికీ తెలుసు. అయినా అనుమానించదగినవాళ్ళు ముగ్గురే. పని ఆలస్యమైందని పోట్లాడిన నేమ్‌ప్లేట్ల వ్యాపారి. పాత పెట్టెలు అమ్మమని వెంటపడుతున్న తుక్కు వ్యాపారి. మూడో మనిషి మెకానిక్ మరదలు. అక్క బట్టలు సర్దడానికి నిన్న సాయంత్రం కొట్టు వెనకున్న ఇంటికి వచ్చి వెళ్ళింది. ఆ వేళ మెకానిక్ మేడమీద పడుకుని ఉన్నాడు.

ముగ్గురినీ కొట్టుకే పిలిపించారు.

తన పెట్టె తానే ఎత్తుకుపోయి, తిరిగి ఇమ్మని తానే అడుగుతాడా అని నేమ్‌ప్లేట్ల వ్యాపారి వాదించాడు.

“రాగి కోసమే వస్తే ఆ జానెడు తీగ నాకెందుకు సార్?” అన్నాడు తుక్కు వ్యాపారి. “దాంతో మా ఆవిడ జడ కూడా ముడిపడదు.”

ఇన్‌స్పెక్టర్ నవ్వలేదు. అరలో అదే రకం పెట్టె ఇంకొకటి ఉంది. లోపల అంతా ఊడదీసిన డొల్ల అని ముందే తెలుసుకున్నాడు. ఆ మాట ముగ్గురికీ చెప్పలేదు.

“ఒక్కొక్కరే దీన్ని దించి బెంచీ మీద పెట్టండి. తరవాత మళ్ళీ అరలో పెట్టేయండి.”

నేమ్‌ప్లేట్ల వ్యాపారి దాన్ని పొట్టకు ఆనించుకుని మోశాడు. తుక్కు వ్యాపారి వెనక టెర్మినళ్ళు పట్టుకునే లాగాడు.

మరదలు అర దగ్గరకు వెళ్ళింది. పెట్టెను ముట్టుకోలేదు. కుడిచెయ్యి గోడ మీదికి పోయింది. వేళ్ళకు ఉత్త మేకు తగిలింది. చెయ్యి అక్కడే ఆగింది.

అందరూ పెట్టెను చూస్తున్నారు. ఇన్‌స్పెక్టర్ మేకును చూస్తున్నాడు.

“తీగ ఎక్కడుందమ్మా?”

“పెట్టెకే ఉంది సార్. మా ఇంట్లో, మంచం కింద.”

కానిస్టేబుల్ వెళ్ళి పెట్టె తెచ్చాడు. తీగ రెండు టెర్మినళ్ళకూ తగిలించే ఉంది.

“నువ్వా?” అన్నాడు మెకానిక్.

ఆమె మూత ఎత్తింది. లోపల చిన్న ఇత్తడి పట్టీ మెరుస్తోంది. నూటపదికి ఆ పట్టీ ఉండాలంది. రెండువందల ఇరవైకి తీసెయ్యాలి. తియ్యకుండా స్విచ్ వేస్తే కరెంటు దాచే కెపాసిటర్లు పేలతాయి. ఈ కొట్లో మొదటి స్విచ్ ఎప్పుడూ కస్టమర్ ఎదుటే వేస్తారు. ఇద్దరూ పెట్టె మీదికి వంగి చూస్తారు.

ఇది విని నేమ్‌ప్లేట్ల వ్యాపారి రెండడుగులు వెనక్కి వేశాడు. కనుబొమ్మలు తడుముకున్నాడు.

“మీ బావతో ఒక్క మాట చెబితే పోయేదిగా అమ్మా. దొంగతనం దేనికి?”

ఆమె మెకానిక్ వైపు తిరిగింది.

“మీరు లేనప్పుడు అక్కకు పెట్టెలు ఎత్తిపెట్టేదాన్ని; నిన్న మూత తీసి చూస్తే పట్టీ అలాగే ఉంది, తియ్యడం నాకు రాదు. ఇన్నేళ్ళూ మీరు మూతకు స్క్రూలు వెతుక్కునేలోపు ఆ పట్టీ అక్కే తీసేది బావా. మీ పని మీరు పూర్తిగానే చేశారు. అక్క పని మిగిలిపోయింది. ఆ మాట మీతో ఎలా అనేది?”

మెకానిక్ తన నాలుగో వేలును చూసుకున్నాడు. తరవాత దాన్ని ముడిచాడు.

ఫిర్యాదు అక్కర్లేదన్నాడు. ఎదుటి స్టూలు మీది దుమ్మును అరచేత్తోనే తుడిచి, ఆమె వైపు జరిపాడు.

ఇన్‌స్పెక్టర్ వీధిలోకి దిగాడు. వెనక నుంచి ఆమె గొంతు వినిపించింది.

“ఫ్యాన్?”

“మార్చాను.”

“ఫ్యూజు?”

“మార్చాను.”

“పట్టీ?”

ఇన్‌స్పెక్టర్ నడక ఆపాడు. లోపల స్క్రూ తిరుగుతున్న చప్పుడు. బెంచీ మీద ఇత్తడి ముక్క టక్కుమంది.

“తీశాను,” అన్నాడు మెకానిక్.