మౌనానికి మార్కులు

విజయవాడ ఆటోనగర్‌లో ఆగి ఉన్న లారీ క్యాబిన్‌లో డాక్టర్ విరజ మోకాళ్లు ముడుచుకుని కూర్చుంది. డ్యాష్‌బోర్డు మీది శాటిలైట్ రేడియో నుంచి ఒక వైరు ఆమె ఒళ్లోని టాబ్లెట్‌కి వచ్చింది. తెర మీద సున్నా.

"ఇంతమంది వింటుంటే సున్నా ఏమిటండీ?" అంది పక్కనున్న హైమావతి. లారీ డ్రైవర్ల ఛానల్ 'దారితోడు'లో వినిపించే గొంతు ఆమెదే. రికార్డయిన ఆ గొంతే ఇప్పుడు రేడియోలోంచీ వస్తోంది.

శాటిలైట్‌లో చోటు తక్కువ, అద్దె ఎక్కువ. ఏ ఛానల్ ఉండాలో, ఏది పోవాలో తేల్చడానికి విరజ ఒక చిప్ కనిపెట్టింది. ప్రతి రేడియో సెట్టులోనూ అదుంటుంది. మనిషి శ్రద్ధగా వినేటప్పుడు మాట ఆపుతాడు, కదలడం తగ్గిస్తాడు. చిప్ దాన్ని పసిగట్టి మార్కు వేస్తుంది. ఎవరి మాటలూ రికార్డు చేయదు. పైకి పంపేది అంకె ఒక్కటే. ఆ అంకెను బట్టి కంపెనీ సాఫ్ట్‌వేర్ కార్యక్రమాలు మారుస్తుంది. అయినా పెరగకపోతే ఛానల్ మూతే. దారితోడుకి ఈ నెలాఖరు గడువు.

"గువాహటి దారిలో వానట. టార్పాలిన్ కట్టారా?" అని అడిగి రేడియో ఆగింది. అలా ఆగడం హైమావతి అలవాటు.

"కట్టకుండా ఉల్లిపాయలు నానబెడతామా అమ్మా?" అన్నాడు డ్రైవర్ మీరావలి. మనిషి పక్కనే ఉన్నా అతను రేడియోకే జవాబు చెబుతున్నాడు.

"నువ్వేసిన తాడు ముళ్లు చూస్తే నానేట్టే ఉన్నాయి," అన్నాడు రెండో డ్రైవర్ గంగులు.

విరజ తల తిప్పింది. "రేడియోతో మాట్లాడతారేమిటి?"

"అడిగితే చెప్పొద్దా మేడమ్? మర్యాదేనా?" అన్నాడు మీరావలి.

విరజకి నవ్వొచ్చింది, వెంటనే పోయింది. ల్యాబ్‌లో ఆమె చిప్‌కి చూపించిన శ్రోతలంతా చేతులు కట్టుకుని కూర్చున్న విద్యార్థులు. బుద్ధిగా వినడమంటే నోరెత్తకపోవడమేనని మన బడులు చెప్పే పాఠాన్నే యంత్రమూ వల్లె వేసింది.

వారంలో విరజ చిప్‌ని దిద్దింది. రేడియో ఆగినప్పుడు మనిషి పలికితే ఇక అదీ వినడమే, మార్కులూ ఎక్కువే. దారితోడు ఒక్కసారిగా పైకెగిరింది. హైమావతి విరజకి పూతరేకులు తెచ్చిపెట్టింది.

తర్వాత సాఫ్ట్‌వేర్ ఒకటి గమనించింది: మార్కులు పడేది హైమావతి మాట్లాడినప్పుడు కాదు, ఆగినప్పుడు. అందుకని ఆ ఖాళీలను సాగదీసింది. మార్కులు పెరిగాయి. ఇంకా సాగదీసింది. చివరికి గంట కార్యక్రమంలో మొదట ఒక ప్రశ్న, మిగిలిందంతా నిశ్శబ్దం.

"మీ జీతం పెంచుతున్నామమ్మా, మీరు మాత్రం నోరు విప్పకండి," అన్నాడు ఛానల్ మేనేజర్ సుదర్శన్.

చిప్ మళ్లీ దిద్దుతానంది విరజ. దేశంలో మొదటి ర్యాంకు ఛానల్‌కి వైద్యమెందుకని ఆయన ఒప్పుకోలేదు.

"అంకె చూస్తే డ్రైవర్లు సంతోషంగానే ఉన్నట్టున్నారు," అంది హైమావతి. "నాకే, మాట గొంతు దాకా వచ్చి ఆగిపోతోంది. అసలేమంటున్నారో కనుక్కుని చెప్పరూ?"

విరజ ఆటోనగర్ వెళ్లేసరికి మీరావలి రేడియో సెట్టును అరచేత్తో చరుస్తున్నాడు.

"బాగున్నారా మేడమ్. ఇది పాడైనట్టుంది, చూడండి. అమ్మ ఒక్క ముక్క అడిగి మాయమైపోతోంది. దారి పొడుగునా పిలుస్తూనే ఉన్నాం."

"ఏమని?"

"ఉన్నావా, ఒంట్లో బాగుందా అని. గంగులైతే తిట్టాడు కూడా."

విరజ టాబ్లెట్ తగిలించింది. సెట్టు భేషుగ్గా ఉంది. అతను పిలిచిన ప్రతిసారీ అంకె ఎక్కుతోంది.

"కొన్నాళ్లు పిలవకండి," అంది మెల్లగా. "మీరంతా ఊరుకుంటే ఆవిడ మాట్లాడుతుంది."

మీరావలి ఆమెను జాలిగా చూశాడు. "భలేవారే. మనిషి పలక్కపోతే ఇంకాస్త గట్టిగా పిలుస్తాం గానీ ఊరుకుంటామా?"

వంగి సెట్టుకి నోరు ఆనించి, "హైమావతమ్మా," అని కేకేశాడు.

తెర మీద నూటికి నూరు పడింది.