పొన్నంగి పిట్టకు పాలు

లెక్కల పీరియడ్ మధ్యలో కారిడార్ అద్దానికి ఏదో ధబ్‌మని తగిలింది. టీచర్ బోర్డు వైపు తిరిగి ఉన్నారు. కిటికీ పక్కన కూర్చున్న ఇర్దీనా మాత్రం చూసింది. రంగురంగుల ముద్ద ఒకటి అద్దం మీంచి జారి, పూలకుండీల మధ్య పడింది.

ఇంటి బెల్ కొట్టగానే పరిగెత్తింది. వెనకే స్నేహితురాలు సుయెట్.

పొన్నంగి పిట్ట! రెక్కల్లో మెరిసే నీలం, తోక కింద ఎరుపు. ఏటా వానలు ముదిరే రోజుల్లో ఉత్తరం నుంచి వచ్చి, తమ ఊరు తైపింగ్ మీదుగా సాగిపోయే పిట్ట. ఇప్పుడు ఒక పక్కకు ఒరిగి, కళ్లు సగం మూసుకుని ఉంది.

"టీచర్‌కి చెబుదామే," అంది సుయెట్.

"చెబితే తీసేసుకుంటారు. ఇంటికి తీసుకెళ్లి నేనే బాగు చేస్తా."

"ఎలాగో నీకు తెలుసా?"

"పిల్లిపిల్లను పెంచలేదా నేను?"

"అది పిల్లి. ఇది పిట్ట."

ఇర్దీనా వినిపించుకోలేదు. పిట్టను ఆటల టీ షర్టులో చుట్టి, మెల్లగా సంచిలో పెట్టుకుంది. ఇంటికి చేరేదాకా సంచి కుదపకుండా నడిచింది.

ఇంట్లో అమ్మమ్మ ఒక్కతే ఉంది. వాన వచ్చేలా ఉందని పెరట్లో బట్టలు తీస్తోంది. అమ్మమ్మను ఇర్దీనా ఓపా అనే పిలుస్తుంది. ఆమె కంట పడకుండా వెనక గదిలోకి వెళ్లి, చెప్పుల పెట్టెలో తువ్వాలు పరిచి, అందులో పిట్టను పెట్టింది.

కాసేపటికి పిట్ట కళ్లు తెరిచింది. తూలుతూనే కాళ్ల మీద నిలబడింది.

"ఆకలేస్తోందా? ఉండు," అంది ఇర్దీనా సంబరంగా.

డబ్బాపాలు గోరువెచ్చని నీళ్లలో కలిపింది. తమ్ముడి దగ్గు మందు డ్రాపర్ తెచ్చింది. రెండు వేళ్లతో పిట్ట ముక్కు తెరిచి పాలు పోసింది. పిట్ట తల విదిలించింది. ఇంకోసారి పోసింది. ఈసారి కొంచెం లోపలికి పోయింది.

ఇర్దీనా ఓపా ఫోన్‌తో సుయెట్‌కి చెప్పింది. "తాగిందే! నేను చెప్పలేదూ?"

ఫోన్ పెట్టేసి వచ్చేసరికి పెట్టెలోంచి చిన్న చప్పుడు. టిక్... టిక్... పిట్ట ఊపిరి తీసిన ప్రతిసారీ అదే చప్పుడు. ముక్కు రంధ్రం దగ్గర తెల్లటి బుడగ ఒకటి లేచి పగిలింది.

దాహమేమో అనుకుంది ఇర్దీనా. డ్రాపర్‌తో నీళ్లు పోసింది. పిట్ట మెడ సాచి, నోరు తెరిచి ఎగశ్వాస తియ్యసాగింది. ఊపిరి ఊపిరికీ తోక పైకీ కిందికీ ఊగుతోంది.

"ఓపా! ఓపా!"

ఓపా బట్టలు అక్కడే పడేసి వచ్చింది. పెట్టెలోకి ఒక్కసారి తొంగి చూసింది.

"కారు తాళాలు తీసుకో. పద పిల్లా."

జంతువుల ఆస్పత్రికి చేరేసరికి వాన దంచికొడుతోంది. డాక్టర్ తియో దగ్గరికి ఎక్కువగా కుక్కలూ పిల్లులూ వస్తాయి. దెబ్బ తగిలిన అడవి పక్షులను తెచ్చినా ఆమె కాదనదు.

"మా మనవరాలే కాపాడింది డాక్టరమ్మా. స్కూల్లో పడి ఉంటే తెచ్చింది," అంది ఓపా గర్వంగా.

"మంచి పని చేశావు," అంది డాక్టర్ పిట్టను చేతిలోకి తీసుకుంటూ. "దీనికి ఏమైనా తినిపించావా? తాగించావా?"

ఇర్దీనా ఓపా ముఖంలోకి చూసింది. ఆ ముఖం వెలిగిపోతోంది.

"లేదు," అంది.

"అయితే దెబ్బకే లోపల రక్తం చేరి ఉంటుంది. చూస్తాను." డాక్టర్ పిట్టతో లోపలికి వెళ్లిపోయింది.

ఇర్దీనా బల్ల మీద కూర్చుంది. తలుపు మూసి ఉంది. అయినా ఆ టిక్ టిక్ చెవుల్లోనే ఉంది. వేళ్లు జిగటజిగటగా ఉన్నాయి. పాలు. చెయ్యి జేబులో పెట్టుకుంది. మళ్లీ తీసింది. డాక్టర్‌కి తెలియదు. తెలియకుండానే మందు వేస్తోంది. అది వేరే జబ్బుకు వేసే మందైతే?

లేచి తలుపు తోసింది.

"డాక్టర్ ఆంటీ, నేను అబద్ధం చెప్పా. పాలు పట్టా. డ్రాపర్‌తో. తర్వాత నీళ్లు కూడా."

సూది పట్టుకున్న డాక్టర్ చెయ్యి ఆగింది. ఆమె సూది పక్కన పెట్టేసింది. పిట్టను తల కిందికి వంచి, ముక్కు లోపల దూదిపుల్లతో తుడిచింది. చిన్న గొట్టంలోంచి గాలి పెట్టింది. ఆ తర్వాతే ఇర్దీనా వైపు తిరిగింది.

"పిట్టకు నాలుక వెనకాలే ఊపిరి తీసుకునే రంధ్రం ఉంటుంది. తనంతట తాను తాగితే దాన్ని మూసుకుంటుంది. మనం పోస్తే మూసుకునే వీలుండదు. పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి."

"మరి ఆకలేస్తే?"

"దెబ్బ తగిలిన పిట్టకు ముందు చీకటి కావాలి, వెచ్చగా ఉండాలి, చప్పుడు ఉండకూడదు. పెట్టెలో పెట్టి మూసేసి మాకు ఫోన్ చెయ్యాలి. అంతే."

"అంతేనా? ఇంకేం చెయ్యకూడదా?"

"అదే కష్టం," అంది డాక్టర్.

మర్నాడు ఇర్దీనా స్కూలు నుంచి వచ్చేసరికి ఓపా గుమ్మంలోనే ఉంది. ఆస్పత్రిలో పిట్ట పొద్దున్నే చనిపోయిందట.

ఇర్దీనా అన్నం ముట్టలేదు. చీకటి పడేవేళ మెట్ల మీద కూర్చుంటే ఓపా వచ్చి పక్కన కూర్చుంది.

"నేను పాలు పట్టకపోతే బతికేదా ఓపా?"

"బతికేదేమో పిల్లా," అంది ఓపా. భుజం మీద చెయ్యి వేసి దగ్గరికి లాక్కుంది.

వానలు ఇంకా తగ్గనే లేదు. ఒక ఆదివారం సుయెట్ ఫోన్ చేసింది.

"ఇర్దీనా, మా బాల్కనీలో పచ్చ పావురం పడింది! గాలికి గోడకు కొట్టుకుందే. నీళ్లు పోద్దామని గ్లాసు..."

"పొయ్యకు! ఏం పెట్టకు! వస్తున్నా!"

చెప్పులు కూడా వేసుకోకుండా వానలో రెండు వీధులు పరిగెత్తింది. సుయెట్ ఒక చేత్తో పావురాన్ని, ఇంకో చేత్తో గ్లాసును పట్టుకుని బిక్కముఖం వేసుకుని నిలబడి ఉంది. ఇర్దీనా ముందు గ్లాసు లాక్కుంది. అట్టపెట్టెకు పెన్సిల్‌తో చిల్లులు పొడిచి, అడుగున తువ్వాలు వేసి, పావురాన్ని పెట్టి మూత మూసేసింది. డాక్టర్‌కి ఫోన్ చేసింది. ఓపాను కారు తెమ్మంది.

ఇద్దరూ పెట్టెకు చెరో పక్కన కూర్చున్నారు.

"పాపం, దాహంగా ఉంటుందేమోనే," అంది సుయెట్.

"ఉంటుందేమో. అయినా వద్దు."

"ఒక్కసారి మూత తీసి చూద్దామా? బతికుందో లేదో?"

ఇర్దీనాకూ అదే భయం. పెట్టెలో చప్పుడు లేదు. చేతులు మూత మీదికి పోతున్నాయి. వాటిని మోకాళ్ల కింద అదిమిపెట్టి కూర్చుంది. కారులోనూ పెట్టె ఒళ్లో పెట్టుకుని కదలకుండా కూర్చుంది. ఓపా రేడియో పెట్టబోతే, "వద్దు ఓపా," అంది మెల్లగా.

డాక్టర్ తియో మూత తీసి చెయ్యి లోపల పెట్టింది.

"అబ్బా!"

ఇర్దీనా పెట్టె మీదికి వంగింది. "ఏమైంది ఆంటీ?"

"ఏముంది, పొడిచింది!" అంది డాక్టర్, వేలు విదిలించుకుంటూ. పెట్టెలో పావురం రెండు కాళ్ల మీద నిటారుగా నిలబడి, ఇంకోసారి పొడవడానికి ముక్కు ఎత్తి చూస్తోంది.