గాలికెదురు నడిచినవాడు

"సముద్రం లేని ఊళ్లో నాకు సముద్రం పని ఏమిటి సార్?" అన్నాడు ఏజెంట్ మహేంద్ర.

పండరీ బజారులో హోల్‌సేల్ చీరల కొట్టు వెనక గది అది. పగలంతా కొట్టు గద్దె మీద కూర్చునే రామమూర్తి నిజానికి రాయ్‌పూర్ గూఢచారి విభాగానికి చీఫ్. చీరలు కూడా బాగానే అమ్ముతాడు, అది వేరే సంగతి.

"సముద్రం లేకపోతేనేం, ఉక్కు ఉందిగా! కాకినాడ అవతల సముద్రంలో రిగ్ ఒకటి చమురు బావి తవ్వుతోంది. అడుగున, బావి మూతి మీద బీఓపీ కూర్చుంటుంది. బ్లోఅవుట్ ప్రివెంటర్. గ్యాస్ ఎగదన్నితే అందులో షియర్ ర్యామ్ అనే కత్తెర పైపును కోసేసి బావిని మూసేస్తుంది. ఆ కత్తెర బ్లేడు తయారయ్యేది మన ఊరి శివారు షెడ్‌లో. ఇవాళే డిస్పాచ్."

"దాన్ని మార్చేస్తారా?"

"మెత్తటి ఉక్కుది పెట్టేస్తారు. అవసరం పడిన రోజు అది పైపును కోయదు. రిగ్ మీదున్న వాళ్లంతా బూడిదే. విదేశీ ముఠా. షెడ్‌లో వాళ్ల మనిషి ఉన్నాడు. కోడ్ నేమ్ డెడ్‌మ్యాన్. ముఖం ఎవరూ చూడలేదు."

"డిస్పాచ్ ఆపేస్తే పోలా?"

"ఇక్కడ కాకపోతే ఇంకో చోట మారుస్తాడు. బ్లేడూ కావాలి, మనిషీ కావాలి. ఆపరేషన్ పేరు ఫిషింగ్."

మహేంద్ర ముఖం పాలిపోయింది. బావిలో జారిపడి ఇరుక్కున్న పనిముట్టును రిగ్ వాళ్లు ఫిష్ అంటారు. దాన్ని పైకి తీయడం ఫిషింగ్. ఆ మాట అతనికి నేర్పినవాడు యోగేష్.

ఇద్దరూ రైల్వే కాలనీలో ఒకే కంచంలో తిని పెరిగారు. యోగేష్ రిగ్ మీద సముద్రం అడుగు పరికరాలు చూసే సబ్‌సీ ఇంజనీర్ అయ్యాడు. మూడేళ్ల కిందట ఓ బ్లోఅవుట్‌లో పోయాడు. శవం దొరకలేదు. భార్య తప్ప వెనకాముందూ ఎవరూ లేనివాడు కనక దర్భలతో బొమ్మ చేసి, ఖారున్ ఒడ్డున మహాదేవ్ ఘాట్‌లో మహేంద్రే తలకొరివి పెట్టాడు. పిండం మాత్రం కాకి ముట్టలేదు. వచ్చింది, చూసింది, ఎగిరిపోయింది. ఎంత మొక్కుకున్నా దిగిరాలేదు. "పోయినోడి మనసులో ఏదో ఉండిపోయింది బాబూ" అన్నారు పెద్దలు. ఆ మాట అతన్ని దెయ్యంలా పట్టుకుంది. కుళాయి తిప్పితే ఉప్పు వాసన. ఫోనెత్తితే అలల హోరు. "మహీ" అని వెనకనుంచి పిలుపు, తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. గుండె చిక్కబట్టుకుని బతుకుతున్నాడు పాపం.

"అక్కడ నీ కాంటాక్ట్ కల్యాణి," అన్నాడు రామమూర్తి మెల్లగా. ఆమె యోగేష్ భార్య.

మధ్యాహ్నానికి మహేంద్ర చెవి మీద బీడీ పెట్టుకుని, మాసిన గంఛా తువ్వాలు తలకు చుట్టుకుని, లారీ క్లీనర్ వేషంలో షెడ్‌లో ఉన్నాడు. నల్లకళ్లద్దాలు, ఎర్రటి పెదాలు, ఖరీదైన సెంటుతో క్వాలిటీ ఇన్‌స్పెక్టర్ కల్యాణి వస్తుంటే షెడ్‌లో సుత్తులు తడబడ్డాయి. ఆమె తమ మనిషేనని ముఠా నమ్మకం. ఆమె మనవైపు మనిషని రామమూర్తికి, మహేంద్రకి మాత్రమే తెలుసు.

"మేడమ్, మూన్‌పూల్‌లో నీళ్లెలా ఉన్నాయి?"

"అలలు లేవు. అదే భయం." మూన్‌పూల్ అంటే రిగ్ నడుమ సముద్రంలోకి తెరుచుకునే బిలం. కోడ్ సరిపోయింది. ఆమె చేతిలో లిప్‌స్టిక్ ఉంది. ఉక్కుకు ఆనిస్తే గట్టిదా మెత్తదా చెప్పే యంత్రమది. "పొద్దున పచ్చ లైటే వెలిగింది అన్నయ్యా. టెస్ట్ అయ్యాకే మారుస్తాడు వాడు. మా ఆయన్ని మింగింది ఈ ముఠాయే. ఆ డెడ్‌మ్యాన్ ముఖం ఒక్కసారి చూడాలనే వీళ్లలో చేరాను."

"చూద్దువుగాని."

అనడమైతే అన్నాడు గాని, ఎలా? షెడ్ నిండా వెల్డింగ్ మాస్కులే. అప్పుడే పెట్టెకు మూత బిగించి లారీ ఎక్కించారు. డ్రైవర్ ఇంజన్ స్టార్ట్ చేశాడు.

మళ్లీ అదే గొంతు చెవిలో. ఎప్పుడో సెలవుకు వచ్చినప్పుడు యోగేష్ నవ్వుతూ చెప్పింది. "గ్యాస్ అలారం మోగితే పరిగెత్తకూడదురా మహీ. ముందు తలెత్తి గాలి ఎటు వీస్తోందో చూడాలి. గాలికెదురు నడవాలి. ఇంట్లో కుక్కర్ విజిలేసినా తలెత్తేస్తున్నానని కల్యాణి ఒకటే నవ్వు!"

ఇంత ఖచ్చితంగా బ్లేడు మార్చేవాడు రిగ్ మనిషే అయ్యుండాలి. మహేంద్ర సైరన్ మీట లాగేశాడు.

"గ్యాస్ లీక్! గ్యాస్! భాగో!"

"అరే బాప్‌రే!" సుత్తులు ఎక్కడివక్కడ పడేసి అందరూ గేటువైపు పరుగు. ఒక్క మాస్కు మాత్రం తలెత్తింది. షెడ్ పైన రెపరెపలాడుతున్న కాషాయ జెండాను చూసింది. వెనక్కి తిరిగి, తాపీగా, గాలికెదురు నడిచింది.

ఎడమ భుజం కాస్త వాల్చి నడిచే ఆ నడక! మహేంద్ర వెంట పరుగెత్తాడు.

"యోగీ!"

మనిషి ఆగాడు. మాస్కు ఎత్తాడు. సగం ముఖం కాలిపోయి ఉంది. మిగతా సగం యోగేష్‌దే.

"తలకొరివి నువ్వే పెట్టావంటగదరా మహీ. బహుత్ శుక్రియా."

"బతికున్నావేటిరా... ఎందుకురా ఇదంతా?"

"ఆ రోజు బావి పేల్తాదని నాకు ముందే తెలుసు. ర్యామ్ మూసుకోకుండా చేసింది నేనే. ముఠా వాళ్లు డబ్బిచ్చి, పడవ రెడీగా పెట్టారు. మొహం కాల్తాదని మాత్రం చెప్పలేదు."

"నీతో కలిసి అన్నం తిన్నోళ్లురా వాళ్లు!" మహేంద్ర పిస్తోలు తీసి గురిపెట్టాడు.

"లేటయ్యావ్ యార్. అదిగో లారీ."

నిజమే! సైరన్ విని అందరికన్నా ముందు పారిపోయింది లారీ డ్రైవరే. మన ఏజెంట్‌గారి తెలివి కాస్తా బెడిసికొట్టింది. ముందు చక్రాలు గేటు దాటి హైవే మీదకెక్కుతున్నాయి. లారీ పైన ఎవరిదో చీర చెంగు ఎగిరింది. కల్యాణి! గోలలో లారీ ఎక్కేసి, గునపంతో పెట్టె మూత పెకలించి, బ్లేడుకు లిప్‌స్టిక్ ఆనించింది. ఎర్ర లైటు! మెత్తదే.

"రోకో! గాడీ రోకో!" గునపంతో క్యాబిన్ మీద దబదబా బాదింది. టైర్లు కీచుమన్నాయి. లారీ ఆగింది.

మారువేషాల్లో షెడ్ చుట్టూ కాచుకున్న రామమూర్తి మనుషులు యోగేష్ చేతులు విరిచి పట్టుకున్నారు. కల్యాణి లారీ దిగి వచ్చింది. కళ్లద్దాలు తీసింది. చాలాసేపు చూసింది.

"కల్యాణీ..." అన్నాడతను.

"ఎవరన్నయ్యా ఇతను?" అంది ఆమె. చేతిలోంచి లిప్‌స్టిక్ జారిపడింది. "మా ఆయన సముద్రంలో పోయాడు."

ఆమె వెనుదిరిగి వెళుతుంటే యోగేష్ తల దించుకున్నాడు. మహేంద్ర ఫోను మోగింది. అలల హోరు లేదు. రామమూర్తి గొంతే.

"ఫిష్ పైకొచ్చిందా?"

"వచ్చింది సార్. యోగేష్."

"మూడేళ్లు! వాడు బతికున్నాడని ఇంత డిపార్ట్‌మెంట్‌లో ఒక్కడికీ తెలీలేదేమిటయ్యా!"

మహేంద్ర గంఛాతో కళ్లు తుడుచుకున్నాడు.

"ఖారున్ ఒడ్డున కాకికి తెలుసు సార్. అప్పుడే రిపోర్టిచ్చింది. మనమే నమ్మలేదు."