నెమరు మానిన గేదె

ఊళ్ళో గేదెలకి ఇంజెక్షన్ వేసిన నలభయ్యో రోజున పశువుల డాక్టర్ హైమవతికి మొదటి ఫిర్యాదు వచ్చింది. గేదె గురించి కాదు, పెరుగు గురించి.

"పాలు తోడుకోవట్లేదమ్మా," అంది ఆ ఊళ్ళో గేదెని మేపుకునే దాలమ్మ. "మూడ్రోజులైనా పాలు పాలలాగే ఉంటున్నాయి. పులవ్వు, విరగవు. ఇదేం చోద్యం?"

"మంచిదేగా! సూక్ష్మజీవులు బతకట్లేదన్నమాట," అని నవ్వింది హైమవతి.

నవ్వదూ మరి! అది ఆవిడ పదేళ్ళ కష్టం. పశువుల తెల్ల రక్తకణాల్లో సూక్ష్మజీవుల్ని చంపే బుల్లి ప్రోటీన్ ముక్కలుంటాయి, వాటి పేరు పెప్టైడ్లు. కణం వాటిని సంచుల్లో దాచుకుని, రోగం వచ్చినప్పుడే మూతి విప్పుతుంది. హైమవతి ఒక్క సూదితో జీన్ మార్చి, ఆ సంచులు ఎప్పుడూ తెరుచుకునే ఉండేలా చేసింది. పొదుగువాపు మాయమైంది. శాలువాలు కప్పారు. పాల సంఘం వాళ్ళు ఆవులనీ మేకలనీ కూడా వదలకుండా జిల్లా తర్వాత జిల్లా సూది పొడిపించారు.

వారం తిరక్కుండా దాలమ్మ మళ్ళీ పరిగెత్తుకొచ్చింది. "గేదె నెమరెయ్యట్లేదమ్మా! నాలుగు రోజులైంది. మాకున్నది అదొక్కటే. అది పోతే మేం ఏం తిని బతకాలి?"

హైమవతి వెంటనే వెళ్ళి, గేదె పొట్టలోంచి గొట్టంతో కాస్త రసం తీసి మైక్రోస్కోప్ కింద పెట్టింది. కోట్ల జీవులు కిటకిటలాడాల్సిన చోట ఒక్కటీ కదల్లేదు. పెప్టైడ్లు పాలలోకే కాదు, లాలాజలంతో పొట్టలోకీ చేరి అన్నిటినీ చంపేశాయి. గడ్డిని అరిగించేది గేదె కాదు, ఆ జీవులే. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టయింది.

"మా అత్త ఓ వైద్యం చేసేదమ్మా," అంది దాలమ్మ. "నెమరేసే గేదె నోట్లోంచి ముద్ద లాగి దీని నోట్లో కుక్కేది. మర్నాటికల్లా మేతకి లేచేది."

"అదే సరైన వైద్యం! ఆ ముద్దలో బతికున్న జీవులుంటాయి. రోజూ చస్తాయి, రోజూ పెడదాం. తొందరగా ఓ గేదెని తోలుకురా!"

దాలమ్మ కదల్లేదు. "ఎవరి గేదెనమ్మా? ఊళ్ళో అన్నిటికీ మీరే కదా సూది పొడిచారు? ఏదీ నెమరెయ్యట్లేదు."

హైమవతి ఫోన్ తీసి ఆఫీసులో అసిస్టెంట్ తవిటయ్యని పిలిచింది. "సూది వెయ్యని పశువు ఒక్కటి కావాలి. ఆవో, గేదో, మేకో, ఏ జిల్లాదైనా సరే. ఇప్పుడే!"

"ఇంకెక్కడుంది మేడం?" అన్నాడు తవిటయ్య సంబరంగా. "ఆఖరి మందకి వేసి కూడా నెల దాటింది, లెక్కలు పొద్దున్నే వచ్చాయి. ఒక్కటి కూడా మిగల్లేదు. మీకు ఆ మాటే చెబుదామని ఫోన్ చెయ్యబోతున్నా."