మూడో సూది

1984 ఫిబ్రవరి. మాచర్ల బస్టాండు ఎదురుగా వాచీలు బాగుచేసే నాగూర్ వలి అసలు ఉద్యోగమేమిటో ఢిల్లీలో ఒకే ఒక్క ఫైలుకి తెలుసు.

చీఫ్ బ్రీఫింగ్ రెండు నిమిషాల్లో ముగిసింది. ఒక విదేశీ ముఠా పల్నాడులో ముసలివాళ్లకి ఉచిత వైద్య శిబిరం పెట్టింది. మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథుల హార్మోన్‌ని పోలిన మందు ఎక్కిస్తోంది. నొప్పులు పోయి పడుచుదనం తిరిగొచ్చినట్టుంటుంది. రొమ్ము ఎముక వెనక థైమస్ అనే గ్రంథి ఉంది. రోగాలతో పోరాడే కణాలకి అది ట్రైనింగ్ స్కూలు. వయసుతో అదెటూ కుంచించుకుపోతుంది. ఈ మందు ఆ మిగిలిన కాస్తనీ కరిగించేస్తుంది. మూడు సూదులు పడ్డ మనిషిని చంపడానికి జలుబు చాలు. రేపు ఒక సైన్యాన్నే పడుకోబెట్టొచ్చు.

"ఫార్ములా బయటపడేదాకా శిబిరం జోలికెళ్లొద్దు," అన్నాడు చీఫ్.

శిబిరంలో నర్సు సుల్తానా. నల్ల కళ్లద్దాలు, ఎర్రటి లిప్‌స్టిక్. ముఠా జీతం తీసుకుంటూ మనకి పనిచేస్తోంది. ప్రతి సీసా, ప్రతి సూదీ ముఠా డాక్టరు కళ్లముందే వెయ్యాలి, మందు మార్చే వీల్లేదు.

వలికి గది అద్దెకిచ్చిన ఆరోగ్యమ్మకి డెబ్బై దాటాయి. అతనికి రోజూ జొన్నరొట్టె ఆమే పెట్టేది. రెండో సూది పడ్డాక కర్ర లేకుండా దుకాణానికి నడిచొచ్చింది.

"చూడబ్బయ్యా, చిన్నపిల్లలాగా నడుస్తన్నా. మూడోది గూడా ఏపిచ్చుకుని వినుకొండలో మా చెల్లిని చూసొస్తా. ఆరేళ్లయింది."

వలికి వద్దనే మాట నోటిదాకా వచ్చింది. ఆమెని ఆపితే సంగతి ఊరంతా పాకుతుంది, ముఠా మకాం ఎత్తేస్తుంది.

"ఎండ తగ్గాక పో పిన్నమ్మా," అని మాత్రం అన్నాడు.

మూడో సూది సుల్తానాయే వేసింది. వారానికి ఆరోగ్యమ్మకి జలుబు చేసింది. మూడు రోజుల్లో ఊపిరి అందడమే కష్టమైంది. వలి మంచం పక్కనుండగా సుల్తానా కబురొచ్చింది. పదకొండింటి లాంచీలో ఫార్ములా వెళ్లిపోతోంది.

"యాడికబ్బయ్యా?" చెయ్యి వదల్లేదు ఆరోగ్యమ్మ.

"వాచీ ఒకటి ఇచ్చిరావాలి. ఇప్పుడే వస్తా."

ఒక్కొక్క వేలే విడిపించుకున్నాడు.

విజయపురి సౌత్ రేవులో ఖాకీ చొక్కా తొడుక్కుని, టికెట్లు చూసేవాడిలా లాంచీ ఎక్కాడు. సాగర్ జలాశయం నడిమధ్యన ఒక మోటారు బోటు పక్కకొచ్చింది. టూరిస్టు వేషంలో ఉన్న డాక్టరు ఫార్ములా ఉన్న ఫిల్ము డబ్బీ అందించాడు. బోటులోని చెయ్యి దాన్ని తాకింది కూడా. ఆ క్షణాన వలి డాక్టరు మణికట్టు పట్టుకుని నీళ్లలోకి దూకాడు. పోలీసు లాంచీ వచ్చి పైకి లాగినప్పుడు డబ్బీ వలి పిడికిట్లోనే ఉంది.

రేవులో సుల్తానా కళ్లద్దాలు తీసేసి నిలబడింది. "నా చేత్తోనే వేశాను," అంది.

అతను మాచర్ల చేరేసరికి ఆరోగ్యమ్మని శవపెట్టెలో ఉంచారు. చివరిదాకా గుమ్మంకేసే చూసిందని పక్కింటి యల్లమంద చెప్పాడు.

అంతలో చీఫ్ నుంచి టెలిగ్రాం వచ్చింది. "ఆర్డరు అందింది. సరుకులో నష్టమేమీ లేదు." అంటే మిషన్ సక్సెస్, మనవైపు ఎవరూ పోలేదని.

"ఏంది వలీ, మంచి కబురేనా?" అడిగాడు యల్లమంద.

"చానా మంచి కబురు," అని వలి పెట్టెకి ఒక పక్క భుజం పట్టాడు.