తాళం వేసిన గదిలోని వీడియోలు

శుక్రవారం మధ్యాహ్నం ఉదయ్‌భాస్కర్ టీవీలోంచి మాయమయ్యాడు.

మనిషి పోయి అప్పటికే రెండు నెలలు. ఇప్పుడు పోయినవి అతని వీడియోలు.

రామచంద్రపురంలోని ఆ ఇంటివాళ్లు పిలిస్తే ఏసుపాదం ఆదివారం వచ్చాడు. సైబర్ క్రైమ్‌లో ఎస్సైగా చేసి రిటైరైన మనిషి. పరామర్శ మాటలు సర్వీసు మొత్తంలో నేర్చుకోలేదు. అందుకని నేరుగా ప్రశ్నల్లోకి దిగాడు.

"వీడియోలు ఎక్కడున్నాయమ్మా?"

"ఆ గదిలో కంప్యూటర్‌లోనండి," అంది ఉదయ్ భార్య ఉమాశ్రీ. "వైఫై మీద హాల్లో టీవీకి వచ్చేవి. రోజూ మధ్యాహ్నం చూసేదాన్ని. ఇప్పుడు కంప్యూటర్ కనబడటం లేదంటోంది టీవీ. వేరే కాపీ లేదండి."

ఏడవలేదు. కరెంటు బిల్లు సంగతి చెప్పినట్టు చెప్పింది.

గదికి తాళం వేసి ఉంది. ఉదయ్ పోయిన నక్షత్రం మంచిది కాదని ఆరు నెలల పాటు తెరవకుండా మూసేశారు. లోపల కంప్యూటర్ ఆపాలని ఆ గోలలో ఎవరికీ తోచలేదు. తాళంచెవి మావగారు వీరభద్రం దగ్గర ఉంది.

"మావగారి మీదేనా అనుమానం?"

ఉమ తల దించుకుంది. "ఆ వీడియోలు చూడొద్దన్నారండి. చూస్తుంటే ఎప్పటికీ తేరుకోనన్నారు. లోపలికెళ్లి చెరిపేశారేమోనని..."

వీరభద్రం కోప్పడలేదు. కోపానికి కూడా ఓపిక లేనట్టున్నాడు.

"తెరవలేదండి. ఆ గుమ్మం వైపే వెళ్లటం లేదు నేను."

తాళంకప్ప మీద దుమ్ము చెదరలేదు. ఏసుపాదం తలుపుకి చెవి ఆనించాడు. లోపల కంప్యూటర్ ఫ్యాన్ తిరుగుతోంది.

ఉమ ఫోన్ తీసుకుని ఒక యాప్ వేశాడు. వైఫై మీద గదిలోని కంప్యూటర్ ఫోల్డర్ తెరుచుకుంది.

"అన్నీ ఉన్నాయమ్మా. ఒక్కటీ చెరగలేదు."

ఉమ గోడకి చెయ్యి ఆనించుకుంది. "మరి టీవీలో ఎందుకు రావటం లేదండి?"

"టీవీలో ఇంకేమైనా ఆగాయా?"

"లేదండి. అత్తయ్యగారి ప్రవచనాలు యూట్యూబ్‌లో బాగానే వస్తున్నాయి."

ఏసుపాదం టీవీ సెట్టింగ్స్ తెరిచి చూశాడు. అందరినీ హాల్లోకి పిలిచాడు.

"మీరంతా తాళం వైపే చూశారు. చూడాల్సింది ప్రవచనాల వైపు. ఇంటర్నెట్ వస్తోంది, ఇంట్లో కంప్యూటర్ మాత్రం కనబడదు. ఎందుకంటే టీవీ గెస్ట్ నెట్‌వర్క్‌లో ఉంది. వచ్చినవాళ్లు ఇంటర్నెట్ వాడుకోవాలి, మన ఫైళ్లు చూడకూడదు. అందుకు పెడతారు దాన్ని."

"పెద్దకర్మ రోజు చుట్టాల కోసం మా తమ్ముడు పెట్టాడండి," అంది ఉమ.

"పాస్‌వర్డ్ ఎవరికి తెలుసు?"

"నాకు."

వంటింటి గుమ్మంలోంచి వచ్చింది ఆ మాట. ఉదయ్ తల్లి సీతారామలక్ష్మి.

"వచ్చినవాళ్లందరికీ నేనే చెప్పాను. శుక్రవారం పొద్దున టీవీని దాంట్లోకి మార్చిందీ నేనేనండి. దానివల్ల వీడియోలు పోతాయని తెలీదు."

"ఎందుకు మార్చారమ్మా?"

"ఇంట్లో వైఫైకి వాడు తన పేరే పెట్టుకున్నాడు. పొద్దున్నే టీవీ పెట్టేది నేను. పెట్టగానే ఉదయ్‌భాస్కర్ కనెక్టెడ్ అని పడుతుంది. ఇంగ్లీషులో రాసినా నా కొడుకు పేరు చదవగలనండి. రోజూ వాడు వచ్చాడనే చెప్తుంది. రాలేదు కదండి."

ఉమ అత్తగారి వైపు తిరిగింది.

"నాతో చెప్పొచ్చు కదా అత్తయ్యా."

"నువ్వు మాత్రం నాతో ఏం మాట్లాడావమ్మా, ఈ రెండు నెలల్లో?"

ఏసుపాదం గొంతు సవరించుకున్నాడు. "వైఫై పేరు మార్చేస్తానమ్మా. చిన్న పని."

సీతారామలక్ష్మి తల అడ్డంగా ఊపింది.

"వద్దండి. వాడి పేరు తీసెయ్యమని నేను చెప్పలేను."

రిమోట్ తనే అందుకుంది. కొడుకు పేరు వెతికి నొక్కింది. తెర మీద ఆ పేరు పడి, పోయింది. ఈసారి తల తిప్పుకోలేదు.

ఉమ ఒక వీడియో పెట్టింది. కొత్త ఫోన్‌తో ఉదయ్ తల్లిని తీస్తున్నాడు. "అమ్మా, ఇటు చూడు," అంటున్నాడు.

వీరభద్రం కుర్చీని టీవీ దగ్గరికి లాక్కున్నాడు.

"సౌండ్ కాస్త పెంచమ్మా," అన్నాడు కోడలితో.